వీధి వైపు తిరిగిన బూట్లు

మునీరె పేరెత్తితే చాలు, తితిజ్ అంటారు, శుభ్రం పిచ్చిదని. మనం ముట్టుకున్న కుళాయిని మన వెనకే తుడిచే రకం. మినీబస్సులో వస్తున్నంతసేపూ గుల్సూమ్ మొగుడు బైరామ్‌కి అదే నూరిపోసింది. "తితిజ్ మనిషి. టీ గ్లాసు ఎక్కడబడితే అక్కడ పెట్టకు." ఒక్కగానొక్క కూతురు ఎల్మాస్ అలాంటి అత్త దగ్గర ఎలా మసులుతుందా అని అతని దిగులు. పిల్లేమో మునీరె కొడుకునే చేసుకుంటానంది.

మునీరె ఇల్లున్న కొండమీద వాన. బూట్ల నిండా బురద. ముగ్గురూ గుమ్మం బయట విప్పేసి, ఇచ్చిన స్లిప్పర్లు తొడుక్కుని లోపలికెళ్ళారు. మునీరె, ఆమె మొగుడు హమ్ది మర్యాదలు బాగానే చేశారు. మాటల మధ్యలో మునీరె రెండుసార్లు లేచి బయటికెళ్ళొచ్చింది.

సిగరెట్టు కోసం బైరామ్ గుమ్మంలోకి వచ్చాడు. ముగ్గురి బూట్లూ మొనలు వీధి వైపు తిప్పి ఉన్నాయి.

అతని ఊళ్ళో చుట్టాల బూట్లు వీధికి తిప్పారంటే ఇక దయచేయండని అర్థం. నోరు తెరిచి అనక్కర్లేదు. బైరామ్ మొహం కందగడ్డయింది. స్లిప్పర్లు పక్కకి తన్నేసి, మెట్టు మీద కూలబడి ఒక బూటు తొడిగాడు. వెనకాలే వచ్చిన ఎల్మాస్‌తో, "మీ అమ్మని పిలు. ఈ సంబంధం మనకొద్దు" అన్నాడు.

ఎల్మాస్ బూట్ల వంకే చూస్తూ నిలబడింది.

"నాన్నా, హమ్ది మామయ్య చెప్పులు చూడు. అవీ వీధి వైపే ఉన్నాయి. ఆయన్ని కూడా పొమ్మన్నట్టేనా?"

బైరామ్ రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. బురద మచ్చుకైనా లేదు. తెగిపోతే ముడేసి లాక్కొస్తున్న లేసు పోయి, కొత్తది ఉంది.

"పొమ్మనేవాళ్ళు లేసు మార్చి పొమ్మంటారా? తుడిచి, తొడుక్కోడానికి వీలుగా తిప్పిపెట్టారంతే," అంది ఎల్మాస్.

లోపల్నుంచి మునీరె పిలిచింది. "అన్నయ్యగారూ, టీ చల్లారిపోతోంది."

బైరామ్ గాభరాగా లేచాడు. ఒక కాలికి మెట్టు మీది తడిమట్టి అంటిన బూటు, ఇంకో కాలికి మేజోడుతో తివాచీ మధ్యదాకా నడిచొచ్చేశాడు.

గుల్సూమ్ కళ్ళు మూసుకుంది. మునీరె ఆ బూటుని చూసింది. "ఫర్వాలేదు, కూర్చోండి" అంది గానీ, చూపు తివాచీ మీది మచ్చ మీదే ఉంది. ఆమె కదిలేలోగా ఎల్మాస్ తడిగుడ్డ తెచ్చి, రుద్దకుండా, పోగుల వాలునే ఒత్తి ఒత్తి తుడిచింది. మురికి వైపు లోపలికి పోయేలా గుడ్డ మడిచింది.

మునీరె ఆ మడత చూసింది. "ఎవరు నేర్పారమ్మా?"

జవాబు బైరామ్ చెప్పాడు. "ఎవరూ నేర్పలేదు చెల్లెమ్మా. మా పిల్ల పుట్టుకతోనే తితిజ్. నేనెక్కడ నడిస్తే అక్కడ వెనకే గుడ్డ పట్టుకొస్తుంది."

"ఒక తితిజ్‌తోనే వేగలేక చస్తున్నాను బావగారూ" అన్నాడు హమ్ది.

మునీరె ఇంకో గుడ్డ తెచ్చుకుని ఎల్మాస్ పక్కన కూర్చుంది. బైరామ్ బూటు విప్పి, మొన వీధి వైపు వచ్చేలా బయట పెట్టి, టీ దగ్గరికి వచ్చాడు.