మరక పడని ఊయల

ఆదివారం పొద్దున్నే హాలు మధ్యలో దుప్పటి పరిచి, దాని మీద సంచులన్నీ బోర్లించుకుని కూర్చోవడం ఆ పెద్దమనిషికి అలవాటు. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. రెండు చెట్లకి కట్టుకుని పడుకునే ఊయల, దాని మీద వానకి కప్పే గుడ్డ, కింద చలికి కట్టే బొంత, అన్నీ సొంతంగా కుట్టాడు. వానగుడ్డ అంచులు నేలకి దిగ్గొట్టే మేకులు కూడా పాత సైకిల్ చువ్వలు వంచి చేశాడు. బాగానే చేశాడు, కాదనడానికి లేదు. ఎటొచ్చీ నాలుగేళ్ళలో ఒక్క చెట్టుకీ కట్టిన పాపాన పోలేదు.

కట్టడు గానీ సర్దుతాడు. విప్పుతాడు, దులుపుతాడు, మళ్ళీ సర్దుతాడు. ఊయలని మడత పెడితే మడత దగ్గర గుడ్డ పాడవుతుందట, అందుకని సంచిలోకి గుప్పిళ్ళతో కూరాలి. బొంతని మాత్రం కూరకూడదు, లోపలి దూది అణిగిపోతుందట. అందుకని అది బీరువాలో దర్జాగా వేలాడుతుంది. భార్య బట్టలు మంచం కింద సూట్‌కేసులో మగ్గుతున్నాయి.

మొదట్లో ఆవిడకి ముచ్చటేసింది. రెండో ఊయల నీకేనంటూ నీలం గుడ్డతో కుడితే మురిసిపోయింది కూడా. చెరువు ఒడ్డున, ఆకాశం చూస్తూ, ఒక్క రాత్రి పడుకోవాలని ఆవిడ కోరిక. ఒకసారి వాన అన్నాడు, ఇంకోసారి జిప్పు మార్చాలన్నాడు. ఇప్పుడు ఆయన్ని చూస్తే ఆవిడకి కోపం కూడా రావడం లేదు. కోపం రావాలన్నా ఎదుటి మనిషిలో కాస్త సరుకుండాలి.

ఈ ఆదివారం ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. తనూ భర్తా మధ్యాహ్నం చెరువుకి వెళ్ళి రాత్రికి అక్కడే ఉంటారట, కారులో ఇద్దరికి చోటుందట.

"వెళ్దామండీ," అంది ఆవిడ. "అన్నీ సర్దే ఉన్నాయిగా."

"అక్కడ నేలంతా తడి. బురదంటుకుంటుంది."

"అంటుకుంటే కడుగుదాం."

"కడిగితే పైగుడ్డకి వేసిన పూత పోతుంది. మళ్ళీ నీడన ఆరబెట్టాలి. నీకు తెలీదులే."

"మరి ఇదంతా ఎందుకు కుట్టినట్టు?"

ఆయన మేకు తుడవడం ఆపి, ఇంత తెలివితక్కువ ప్రశ్నా అన్నట్టు చూశాడు. "ఎప్పుడైనా వెళ్ళాల్సొస్తే సిద్ధంగా ఉండాలిగా."

ఎవరైనా మెడపట్టి గెంటితే తప్ప ఈయనకి వెళ్ళాల్సి రాదని ఆవిడకి తేలిపోయింది. లేచి, బొంతని హ్యాంగర్ మీంచి లాగి, కవర్లో కుక్కింది. నీలం ఊయల సంచి భుజాన వేసుకుంది.

కింద కారు హారన్ మోగింది. చెప్పులేసుకుని ఆవిడ గుమ్మంలో ఆగింది. నేనూ వస్తానంటాడేమోనని, సిగ్గు విడిచి, ఆగింది. ఆ ఒక్క ముక్క అంటే నాలుగేళ్ళూ మర్చిపోయేది.

ఆయన గబగబా లేచి వచ్చాడు. ఆవిడ భుజం మీంచి సంచి అందుకుని, బయటికి వేలాడుతున్న తాళ్ళు లాగి, పొందిగ్గా చుట్టి, లోపల పెట్టి తిరిగిచ్చాడు.

"తడిది సంచిలో కూరకు. కంపు కొడుతుంది," అన్నాడు.

ఆవిడకి ఇన్నాళ్ళ చులకన ఎక్కడికి పోయిందో, ఆ నిమిషాన వట్టి బాధే మిగిలింది.

"బాగా ఆరాకే వస్తాను లెండి," అంది. "ఎన్నాళ్ళు పట్టినా."

"అదీ మాట," అన్నాడు ఆయన, తృప్తిగా. "తొందరపడకు."