కలం ఎత్తాల్సిన చోటు

తేదీ ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. సమయం ఉదయం పదిన్నర. స్థలం మా ఇంటి ముందు గది. హాజరైనవారు: సంఘం కన్వీనరు (అంటే నా భర్త), పళ్ల డాక్టరు, లిఫ్టుల ఇంజనీరు, అందరూ సోల్డర్ బాబాయి అని పిలిచే రిటైర్డ్ రేడియో మెకానిక్. మొత్తం నలుగురు. సొంతంగా గ్రాఫింగ్ కాలిక్యులేటర్లు తయారు చేసుకునే ఔత్సాహికుల సంఘం ఇది. దస్తూరి గుండ్రంగా ఉంటుందని సమావేశాల మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. రాసేవారిని హాజరైనవారిలో కలిపే అలవాటు ఈ సంఘానికి లేదు. టీ ఇచ్చేవారిని కలపడం అసలే లేదు.

దుకాణంలో దొరికే వస్తువును ఇంట్లో కూర్చుని మళ్లీ తయారు చేయడమేమిటని మొదట్లో మా అత్తగారు ఆశ్చర్యపోయేవారు. "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందిలే అమ్మా, తాగుడు కన్నా ఇది నయం కదా" అని తనకు తానే సర్దిచెప్పుకునేవారు. ఆ పిచ్చిలోని అందం నాకు మాత్రం మొదటి రోజే తెలిసింది. అరచేతిలో పట్టే చిన్న పలక, దాని మీద మీటలు, పైన బూడిదరంగు తెర. ఒక సమీకరణం కొట్టగానే ఎడమ అంచు నుంచి చుక్క వెనక చుక్కగా ఒక వంపు నడిచి వస్తుంది. పన్నెండేళ్ల కిందట నల్లబల్ల మీద సుద్దముక్కతో నేను గీసిన వంపులు అవి. పెళ్లయ్యాక రెండేళ్లు కాలేజీలో లెక్కలు చెప్పాను. తర్వాత మామగారి పక్షవాతం, ఆ తర్వాత నా రెండు కాన్పులు. "కొన్నాళ్లు మానెయ్, మళ్లీ చేరుదువుగాని" అన్నారు మా ఆయన. ఆ కొన్నాళ్లు ఎక్కడ ముగుస్తాయో ఎవరూ చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఈ కాలిక్యులేటర్‌కు బోర్డు ఆయన గీశారు, మీటలు ఆయన అమర్చారు. ఎంతో ఓపికగా చేశారు, కాదనను. ప్రోగ్రాం దగ్గర ఆగిపోయారు. "ఎమ్మెస్సీ చదివావు కదా, ఓసారి చూడు" అన్నారు, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నంత తేలిగ్గా. నేను చూశాను. భోజనాల బల్ల మీద ఒక మూల తడి తుడుచుకుని, కుక్కర్ కూతకూ కూతకూ మధ్య, పిల్లల యూనిఫారాలు నానే వేళల్లో, రెండు చలికాలాలు చూస్తూ ఉండిపోయాను. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనలేదు. "అమ్మ ఆడుకుంటోంది" అనేది మా పెద్దది. నిజానికి పెళ్లయ్యాక నేను ఆడుకున్నది అప్పుడే.

అందులో ఒక్క చోట నాకు చాలా రోజులు పట్టింది. ఒకటిని ఎక్స్‌తో భాగిస్తే వచ్చే గ్రాఫు సున్నాకు ఎడమవైపు పాతాళానికి దిగిపోతుంది, కుడివైపు ఆకాశం నుంచి ఊడిపడుతుంది. సరిగ్గా సున్నా దగ్గర దానికి విలువే లేదు. కానీ యంత్రానికి తెలిసింది పక్కపక్క చుక్కలను కలుపుకుంటూ పోవడమే కాబట్టి, అడుగున ఉన్న చుక్కనూ పై అంచున ఉన్న చుక్కనూ కలిపి నిట్టనిలువుగా ఒక గీత గీసేస్తుంది. ఏమీ లేని చోట గోడ లేస్తుంది. చూసేవాళ్లకు గ్రాఫు ఒకటే ముక్కగా, ఎక్కడా తెగకుండా సాగినట్టు ఉంటుంది. దానికి నేను ఒక నియమం రాశాను: రెండు చుక్కల మధ్య ఆగి చూడు, విలువ లేకపోతే కలం ఎత్తెయ్. మొత్తం మూడు వరసలు. అవి పనిచేసిన మధ్యాహ్నం తెర మీద రెండు వంపులు ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా నిలబడ్డాయి. ఎవరికైనా చూపిద్దామని ఇల్లంతా తిరిగాను. అత్తగారు నిద్రపోతున్నారు.

పది రోజుల కిందట నేను చదువుకున్న కాలేజీకి ఫోన్ చేశాను. నాకు పాఠం చెప్పిన మేడమ్ ఇప్పుడక్కడ ప్రిన్సిపాల్. "ఖాళీ ఉందమ్మా. కానీ పన్నెండేళ్లు ఏం చేశావని కమిటీ అడుగుతుంది. ఇంట్లో ఉన్నానంటే ఒప్పుకోరు. నీ పేరుతో ఉన్న పని ఒక్కటంటే ఒక్కటి పట్టుకురా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. బుధవారం రమ్మన్నారు. నాకున్న పని ఈ ప్రోగ్రాం ఒక్కటే. నమూనా చూపించిన రోజు మినిట్స్‌లో రూపకర్తలుగా ఎవరి పేర్లుంటే పలక వెనక ఆ పేర్లే అచ్చు వేయించి, ఒక పత్రం కూడా ఇవ్వడం సంఘం పద్ధతి. అందుకని ఈ ఆదివారం కోసం పెళ్లిచూపులకు కూడా ఎదురుచూడనంతగా ఎదురుచూశాను.

సమావేశంలో ఆయన కాలిక్యులేటర్‌ను బల్ల మీద పెట్టి, ఒకటి బై ఎక్స్ కొట్టారు. వంపు చకచకా నడిచింది. నడిమధ్యన గోడ లేచింది.

నా చేతిలో ట్రే ఉంది. ఆ మూడు వరసలూ లేవని అర్థమైంది.

"భలే! నిలువు గీత కూడా అదే గీస్తోందే! అసింప్టోట్ చూపించే మెషీను మన సంఘంలో ఇదే మొదటిది గురూ" అన్నాడు పళ్ల డాక్టరు. అసింప్టోట్ అంటే వంపు ఎంత దగ్గరికి వెళ్లినా అంటుకోని హద్దు గీత.

"అవును, అసింప్టోటే. ఉద్దేశపూర్వకంగా పెట్టాను. స్పీడు చూశారా? రాత్రి కూర్చుని అనవసరమైన చెత్తంతా తీసేశాను" అన్నారు ఆయన.

"అది అసింప్టోట్ కాదండీ" అన్నాను.

నలుగురూ తిరిగి చూశారు. తలుపు మాట్లాడినట్టు చూశారు.

"మా ఆవిడ పంతులమ్మ మోడ్‌లోకి వెళ్లిపోయింది. ఇక బెల్లు కొడితే గానీ వదలదు" అని ఆయన నవ్వారు. అందరూ నవ్వారు, సోల్డర్ బాబాయి తప్ప. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఏదీ, ఎందుకు కాదో చెప్పమ్మాయ్" అన్నాడు.

"జూమ్ మీట ఒక్కసారి నొక్కండి బాబాయిగారూ. అది గ్రాఫుకు సంబంధించిన గీతే అయితే ఎంత దగ్గరికి వెళ్లినా ఉండాలి."

ఆయన నొక్కాడు. గోడ మాయమైంది. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ లేచింది.

"ఇదేంటిది, దాగుడుమూతలాడుతోంది?" అన్నాడు లిఫ్టుల ఇంజనీరు. "నా లిఫ్టు ఇలా చేస్తే నన్ను షాఫ్టులోకి తోస్తారు."

"విలువ లేని చోట కూడా ఉన్నట్టు యంత్రం కలిపేస్తోంది" అన్నాను. "ఒక చుక్క సరిగ్గా సున్నా మీద పడితే విలువ లేదని తెలిసి ఆగుతుంది. పక్కన పడితే తెలియదు, గీసుకుంటూ పోతుంది."

ఆ ఒక్క క్షణం గదిలో నేను ఉన్నాను. నలుగురి కళ్లూ నా మీద కాక తెర మీద ఉన్నాయి, నేను చెప్పింది నిజమో కాదో చూస్తూ. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మా ఆయన పలకను తన వైపు లాక్కున్నారు. "పరీక్ష పెట్టాను, ఎవరైనా పట్టుకుంటారా అని. పాత వెర్షన్ నా దగ్గర ఉంది, అందులో ఈ గోల లేదు" అంటూ కంప్యూటర్‌కు తగిలించి నేను రాసిన ప్రోగ్రాం ఎక్కించారు. రెండు వంపులు విడివిడిగా నిలబడ్డాయి. కాస్త మెల్లగా, కానీ నిజంగా. చప్పట్లు కొట్టారు. "ఈ ఐడియా ఎలా తట్టింది గురూ నీకు?" అన్నాడు పళ్ల డాక్టరు. "స్నానం చేస్తుంటే" అన్నారు ఆయన. మళ్లీ నవ్వులు. సోల్డర్ బాబాయి నా వంక చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. ఆయన ఖాళీ కప్పు ట్రేలో పెట్టి, "టీ బాగుందమ్మా" అన్నాడు.

వాళ్లు వెళ్లాక మినిట్స్ పూర్తి చేయడానికి కూర్చున్నాను. మా ఆయన నా వెనక నిలబడి చెప్పసాగారు. "రాయి. ప్రదర్శనలో బయటపడిన లోపాన్ని రూపకర్త అక్కడికక్కడే సవరించి సభ్యుల ప్రశంసలు పొందారు."

"ప్రోగ్రాం అన్న చోట నా పేరు రాయనా?"

"ఏ చోట?"

"రూపకల్పన, ప్రోగ్రాం అని రెండు వరసలున్నాయి కదండీ. రూపకల్పన మీది. రెండోది..."

"నీ పేరు పక్కన పడితే నా పేరుకేం మిగులుతుందే? అంతా పెళ్లామే చేసిపెట్టిందంటారు. బజార్లో తలెత్తుకోగలనా?"

"బుధవారం కాలేజీలో చూపించాలండీ. నాకు ఇంకేమీ లేదు."

"అందుకా పొద్దున అందరి ముందూ నా పరువు తీశావు?"

లోపలి గదిలో నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒకే కప్పు కింద ఉండేవాళ్లకు నీ పేరేంటి నా పేరేంటమ్మా? ఎవరిదైతే ఏం?"

ఎవరిదైనా ఒకటే అయినప్పుడు నాదే ఎందుకు కాకూడదని అడగవచ్చు. అలాంటి జవాబులు నా దగ్గర పన్నెండేళ్లవి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఇస్త్రీ చేసి మడిచిపెట్టినవి. బయటకు తీస్తే ఇంటిల్లిపాదీ మూడు రోజులు అన్నం మానేస్తారు, నేను వండి బతిమాలాలి.

నేను మళ్లీ కాగితం మీదికి వంగేసరికి ఆయన మెత్తబడ్డారు. ఆయన చెడ్డవారు కాదు. నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీ ఒక పని చెయ్. హాజరైనవారిలో నీ పేరు కూడా రాసుకో. ఐదుగురు అని దిద్దు. ఎవరేమనుకున్నా నేను చూసుకుంటాను" అన్నారు. పెద్ద మనసుతోనే అన్నారు. అదే నన్ను కుంగదీసింది. తిట్టి ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

రూపకల్పన అన్న వరసలో ఆయన పేరు రాశాను. ప్రోగ్రాం అన్న వరస ఖాళీగా వదిలేద్దామనిపించింది. వదిలితే ఏమవుతుందో తెలుసు. ఈ ఇంట్లో ఖాళీ కనిపిస్తే అటూ ఇటూ కలిపి గీత గీసేస్తారు, అక్కడ ఎప్పుడూ ఏదీ తెగలేదన్నట్టు. అందుకని నా గుండ్రటి దస్తూరితోనే అక్కడా ఆయన పేరే రాశాను. మేడమ్‌కు రేపు ఫోన్ చేసి రాలేనని చెప్పాలి. ఎందుకు రాలేవంటే చెప్పడానికి ఒక వాక్యం తయారు చేసుకోవాలి.

"ఐదుగురు అని దిద్దావా?" అని ఆయన వంటగదిలో నుంచి అడిగారు, మంచినీళ్ల సీసా మూత వెతుక్కుంటూ.

కాగితం పైభాగం మళ్లీ చదివాను. కలాన్ని నలుగురు అన్న మాట మీదికి తెచ్చి, అక్కడ ఆగి చూశాను. విలువ లేని చోట కలం ఎత్తెయ్యాలి. ఆ నియమం రాసింది నేనే. దిద్దకుండానే ఎత్తేశాను. కింద, రాసినవారు అన్న చోట సంతకం చేసి, కాగితం మడిచి, ఆయన ఫైల్లో పెట్టేశాను.