నలభై మూడో పెట్టె

ఉదయం ఆరుంబావుకు వెంకటేశం గోడ మీది థర్మామీటరు ముందు నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఇరవై నాలుగు అని చదివాడు. కళ్లద్దాలు కిందికి దింపి మళ్లీ చదివాడు. అప్పుడు గాని రిజిస్టరులో రాయలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. రిటైరయ్యే రోజు గనక ఈ రోజు మాత్రం మూడోసారి కూడా చూశాడు. రేపటి నుంచి ఆ అంకె ఆయన్ని అడక్కుండానే మారబోతోంది మరి.

బొల్లారంలోని ఆ మందుల కంపెనీలో ఆయనది శాంపిల్ గది కాపలా. తయారైన ప్రతి బ్యాచి నుంచి నాలుగు పెట్టెలు ఆ గదికి వస్తాయి. వాటి మీద 'తెరువరాదు' అని లేబుల్ అంటించి, అడ్డంగా సంతకం గీకి, అరలో పెట్టాలి. బయట ఆ మందు మీద ఫిర్యాదు వస్తేనే శాంపిల్ విప్పుతారు. రాకపోతే, గడువు తీరిన ఏడాదికి విప్పకుండానే కాల్చేస్తారు. ఆయన హయాంలో ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఒక్క పెట్టె కూడా విప్పలేదు. లక్షల మాత్రల మధ్య బతికాడు గాని, తనకంటూ ఒక్క మాత్ర మాత్రం మింగి ఎరుగడు.

పొట్టి మనిషి. యూనిఫారం గుండీలకు పొట్టకు మధ్య పాత తగాదా ఉంది. లేబుళ్లు అదిమి అదిమి కుడి చూపుడువేలు కొన అద్దంలా నున్నబడిపోయింది. ఆ వేలు పెడితే ఆయన ఫోనే ఆయన్ని గుర్తుపట్టదు.

గది తాళం తీసుకోవడానికి, రేపటి నుంచి ఆయన చోట్లో పనిచేయబోయే ఓదెలు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, నోరు మూతపడని సీసా.

"ఏం కాకా, ఇయ్యాల్టి సంది తాళం నాకు, మేళం నీకు! ఇగ నీ ఆటలు సాగయి."

"నా ఆటలు ఇయ్యాల్నే సాగుతయి బిడ్డా. నాలుగ్గొట్టంగ కొనే పార్టీ వస్తున్నది ఇంటికి."

"నిజంగనే కొంటరా నీ గేము పెట్టెలు? డిస్కులల్ల రిస్కు లేదా?"

"సీలు మీదున్న సామానుకు రిస్కేందిరా?" అన్నాడు వెంకటేశం, మొదటి బ్యాచి అరను తుడుస్తూ.

అన్నాడు గాని, గుడ్డ పట్టిన చేయి కొంచెం ఆగింది.

కంపెనీ మొత్తానికి తెలిసిన సంగతే అది. ఏడేళ్ల కిందట ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. ఎక్కడో పరదేశంలో, ముప్పై ఏళ్లుగా విప్పని వీడియో గేము పెట్టె ఒకటి ఇల్లు కొనేంత ధర పలికిందట. విప్పకుండా ఉంచడమే! అంతకు మించి తనకు వచ్చిన విద్య ఏముంది? ఆ ఆదివారమే అమీన్‌పూర్ మాల్‌కు పోయి, సగానికి సగం తగ్గించి గంపలో పోసిన గేములు మూడు ఏరుకొచ్చాడు. డిస్కౌంటు అంటేనే డిస్కుల కౌంటు పెంచేది గదా, పెరుగుతూ పోయి నలభై మూడయింది. ఆడే మిషను ఇంట్లో లేదు. ఆట అంటే ఆయనకు అష్టాచెమ్మ.

ఆ నలభై మూడింటి కోసం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇనుప బీరువాను ఖాళీ చేయించాడు. తేమ పీల్చే గింజల పొట్లాలు పెట్టాడు. లోపల చిన్న థర్మామీటరు కూడా వేలాడదీశాడు. ఆయన భార్య ముత్యమ్మ చీరలు మంచం కింద రేకుపెట్టెలోకి పోయాయి. ఏడేళ్లుగా ఆమె ప్రతి పండక్కీ చీర తీసి, తుప్పు మరక చూపించి, ఒకే మాట అంటోంది: "నీ అట్టపెట్టెలకు బీరువా, నా పట్టుచీరెకు రేకు." చివరికి పందెం పడింది. ఆయన రిటైరయిన రోజున ఎవరైనా వచ్చి ఒక్క పెట్టెనైనా మంచి ధరకు అడిగితే బీరువా ఆయనది. అడగకపోతే ఆమెది.

బీరువా పోతే పోనీ. ముప్పై ఒక్క ఏళ్లు విప్పకుండా దాచిన బతుక్కి విలువ ఉందని ఒక్కరన్నా చెబితే చాలనుకున్నాడు వెంకటేశం. ఈ ముక్క ఆయన ఓదెలుకు చెప్పలేదు. ముత్యమ్మకూ చెప్పలేదు.

రెండింటికి శాలువా కప్పారు. పాలకోవా పంచారు. మేనేజరు ఆయన పేరును వెంకటేశ్వరరావు అని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు, వెంకటేశం కూడా కొట్టాడు. కంపెనీ బస్సు మూడున్నరకు పోతిరెడ్డిపల్లి మూల మీద ఆయన్ని దించి, రోజూ కొట్టే హారనే కొట్టి వెళ్లిపోయింది.

నాలుగింటికి నిషిత వచ్చింది. అమీన్‌పూర్‌లో పాత గేములు కొని అమ్మే దుకాణం ఆమెది. పాతికేళ్లుంటాయి. భుజాన సంచి, సంచిలో ఆటల మిషను. బీరువా తెరవగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"అంకుల్, నా దుకాణం కన్నా మీ బీరువనే సాఫుగున్నది!"

వెంకటేశం పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. నిషిత ఒక పెట్టె తీసింది. వెలుతురుకు తిప్పింది. ఇంకోటి తీసింది.

"దీని మీద గిదేంది?"

"లేబులమ్మా. మా కంపెనీ జిగురు, కడిగినా పోదు. 'తెరువరాదు', తారీకు, నా సంతకం. లేబుళ్లు ఉన్నకాడికి ఏసిన."

నిషిత నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "అంకుల్, ఏమనుకోకున్రి. దాచుకునెటోళ్లు పైస పెట్టేదే ఈ పైకవరుకు. మీరు సక్కగ దాని మీదనే జిగురు పూసిన్రు."

ముత్యమ్మ వంటింటి గడప మీద కూర్చుని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"లేబుల్ లేకుంటే?" అన్నాడు వెంకటేశం.

"లేకున్నా అంతే. ఇవి లచ్చలల్ల చేసిండ్రు, అమ్ముడువోక గంపల పోసిండ్రు. కొన్నిట్ల ఆట సగమే ఉంటది, మిగతాది నెట్టుల కెల్లి దించుకోవాలె. ఆ పాతవాటికి ధర ఎందుకొచ్చింది? అప్పటి పిల్లలు చింపి, ఆడి, పారేసిండ్రు. ఎవడో ఒకడు అటక మీద పెట్టి మర్శిపోయిండు. దాద్దామని దాయలే అంకుల్. ఇప్పుడు మీలెక్క అందరూ దాస్తనే ఉన్నరు."

వెంకటేశం థర్మామీటరు వంక చూశాడు. ఇరవై తొమ్మిది. రెండోసారి చూడలేదు.

అప్పుడు నిషిత చేయి కింది అర మూలకు పోయి ఆగింది. "గిది... దీని మీద లేబుల్ లేదేంది?"

"నలభై మూడోది. లేబుళ్లు అయిపోయినయి."

అట్ట మీద ఆకుపచ్చ ట్రాక్టరు, వెనక దున్నిన ఎర్రమట్టి. నిషిత దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఇవి వచ్చినయే కొన్ని. ఎవరూ కొనలే. మిగిలినవి వాపసు పంపిండ్రు. నా దగ్గర ఇద్దరు అడుగుతున్నరు. ఆరు వేలిస్త అంకుల్, ఇప్పుడే."

నూట తొంభై తొమ్మిదికి కొన్నది! వెంకటేశం మొహం వెలిగిపోయింది. "ఇన్నవా ముత్యమ్మా?"

"ఇన్న. గెలిచినవ్ పో. బీరువ నీదే," అంది ముత్యమ్మ. మాటలో కోపం లేదు. ఆమె చూపు నిషిత చేతిలోని పెట్టె మీద ఉంది. లేచి దగ్గరికి వచ్చి, ట్రాక్టరు బొమ్మ మీద వేలు పెట్టింది. "గీ ప్లాట్లన్నీ పొలాలున్నప్పుడు దీని ఎనక ఎన్ని దినాలు గడ్డి ఏరిన్నో. ఒక్కనాడన్న ముంగట కూసోనియ్యలే. ఏడేండ్లు నా ఇంట్లనే ఉన్నదా గిది? సూపెట్టకపోతివి."

వెంకటేశం ఆమె వేలిని చూశాడు. తన వేలిలాగే, అదీ అరిగిందే.

కళ్లద్దాలు పైకి నెట్టాడు. కిందికి దింపాడు. శాలువా సర్దుకుని, డ్యూటీలో ఉన్న గొంతుతో అన్నాడు: "ఫిర్యాదు వచ్చింది. రూలు ప్రకారం శాంపిల్ విప్పాలె."

"అంకుల్! ఆరు వేలు!"

అప్పటికే బొటనవేలి గోరు కవరు అంచున దిగింది. చర్రుమన్న ఆ చప్పుడు ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన వినడం అదే మొదలు. ఎంత బాగుందో! ఒళ్లంతా పులకరించి, కవరును గుప్పిట్లో నలిపి పట్టుకున్నాడు.

నిషిత తల కొట్టుకుని, నవ్వి, మిషనును టీవీకి తగిలించింది. ముత్యమ్మ బాసింపట్టు వేసుకుని మీటలు పట్టుకుంది. తెర మీద ట్రాక్టరు మొదట కంచెను గుద్దింది. తరవాత చెరువులో దిగింది.

"ఆగే! ఎడ్లయితే అదిలిస్తే ఆగుతయి, దీనికి చెవులు లెవ్వా?" అంది ముత్యమ్మ.

పది నిమిషాలకు చెవులొచ్చాయి. ఎర్రమట్టి చీలుతూ తాడు పట్టినట్టు వెళ్లింది. సాలు పక్కన సాలు.

"ఇగ సాలు తియ్యే ముత్యమ్మా, చాయ పెట్టవా పిల్లకు?"

"సాలే తీస్తున్న, కనవడ్తలేదా? చాయ నువ్వు పెట్టు. రిటైరయినవ్ గద!"

వెంకటేశం చాయ పెట్టాడు. చక్కెర రెండుసార్లు వేశాడు.

చీకటి పడకముందే, వెంకటేశం ఒక్కొక్కటే అందిస్తుంటే, నిషిత మిగిలిన నలభై రెండూ సంచుల్లో నింపుకుంది. "ధర రాదు గని అంకుల్, నా దుకాణంల పిల్లలు విప్పి ఆడుకుంటరు. మిషను ఆంటీ దగ్గర వారం రోజులు ఉండనియ్యున్రి." ఆటో ఎక్కే ముందు ఒక పెట్టె మీది సంతకం చూసి మళ్లీ నవ్వింది. ఆటో సందు మలుపు తిరిగింది. ఆయన గేటు దగ్గర ఇంకొంచెంసేపు నిలబడ్డాడు.

లోపల ముత్యమ్మ రెండో మడి మొదలుపెట్టింది. రేకుపెట్టె సంగతే మరిచిపోయింది.

వెంకటేశం బీరువా ముందుకొచ్చి గుప్పిట తెరిచాడు. కవరు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఖాళీ అరలో పెట్టి వంగి చూశాడు. నలిగి ఉండయిన ఆ సన్నటి కవరు చిన్నగా చిటపటలాడుతూ, తనంతట తానే విచ్చుకుంటోంది.