అట్టముక్కల అల్లుడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, అత్తగారింట్లో ఉంటూ అత్తగారికి గిట్టని ఇళ్ళకి బొమ్మ చేసి చూడమని పెద్దలెవరూ అనలేదు. అనుంటే మన అల్లుడు కాస్త జాగ్రత్తపడేవాడు.

అతని పని నమూనాలు చేయడం. ఎవరైనా భవనాలు కట్టదలిస్తే, వాటిని ముందుగా అట్టతో, పలచటి చెక్కతో బల్ల మీద పట్టేంత చిన్నగా చేసిపెడతాడు. పెళ్ళయినప్పటి నుంచీ కాపురం అత్తగారింట్లోనే, పని వాళ్ళ వెనక వరండాలోనే. అందుకే కాలనీ అంతా అతన్ని అట్టముక్కల అల్లుడంటారు. అత్తగారు కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. ఆవిడ ఊఁ అంటే కాలనీ ఊఁ అన్నట్టే.

మూతపడిన మిల్లు స్థలంలో కొత్త ఇళ్ళు కడతారట. కింద దుకాణాలు, పైన చిన్న చిన్న ఫ్లాట్లు, ఓ పక్క పెద్ద ఇళ్ళు, కాలనీని ఆనుకుని ఒక పొడుగాటి భవనం. దీని మీద జనం మాట వినడానికి ప్లానింగు ఆఫీసరు వస్తున్నారు. అత్తగారు వద్దని చెప్పడానికి నడుం బిగించారు. "ఎక్కడెక్కడి జనమో వచ్చి మన నెత్తిన కూర్చుంటారు" అని ఇంటింటికీ వెళ్ళి చెప్పి వచ్చారు. అలా నెత్తిన కూర్చోబోయేవాళ్ళలో తన కూతురూ అల్లుడూ కూడా ఉన్నారని పాపం ఆవిడకి తెలియదు.

ఆ చిన్న ఫ్లాట్లు తప్ప వీళ్ళ తాహతుకి అందే ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. భార్యకి తన ఇష్టప్రకారం గిన్నెలు సర్దుకునే వంటిల్లు కావాలి. అతనికి జిగురు వాసన వస్తోందని ఎవరూ ముక్కు మూసుకోని గది కావాలి. అమ్మకి మీరే చెప్పండని ఆవిడ, మీ అమ్మ కదా నువ్వే చెప్పమని అతను, ఇద్దరూ వంతులు వేసుకుంటూ ఇంతదాకా తెచ్చారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది అతని పని. అయినా కట్టేవాళ్ళు తనకే అప్పగించిన ఆ నమూనాని మాత్రం ముచ్చటపడి చేశాడు.

ఆదివారం ఉదయం బడి హాల్లో సమావేశం. ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయాయి. మైకు కాసేపు కీచుమని తన అభ్యంతరం తాను చెప్పుకుంది. అల్లుడు నమూనా మీది గుడ్డ తీశాడు. జనం లేచి బల్ల చుట్టూ మూగారు.

ఆ వృత్తిలో ఒక పద్ధతుంది. రాబోయే ఇళ్ళకి కిటికీలూ మెట్లూ పిట్టగోడలూ అన్నీ పెడతారు. చుట్టూ ఉన్న పాత ఇళ్ళని మాత్రం తెల్లటి దిమ్మలుగా వదిలేస్తారు, చూసేవాళ్ళ కళ్ళు కొత్తవాటి మీదే నిలవాలని. ఎన్ని ఊళ్ళకి చేసినా అతను అలాగే చేశాడు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఊళ్ళవాళ్ళెవరూ అతనికి ఇరుగుపొరుగు కాదు మరి.

"మా ఇల్లేదోయ్?" అన్నాడు రిటైరైన పోస్టుమాను.

"ఇదేనండీ."

"దీనికి తలుపేది? నేను ఇంట్లోకి పైనుంచి దూకాలా?"

"మా మేడమెట్లు ఏం చేశావు బాబూ?" అంది మందులషాపు ఆవిడ. "వాటి కోసం మా ఆయనతో ఏడాదిపాటు పోట్లాడాను."

అత్తగారు తన దిమ్మని వేలితో పొడిచి చూశారు. "ఇన్నేళ్ళుగా ఈ గుమ్మంలోంచేగా వస్తూ పోతూ ఉన్నావు. గుమ్మం ఎటువైపుందో గుర్తులేదా అల్లుడూ?"

పద్ధతీ గిద్ధతీ అని సంజాయిషీ చెబితే నిప్పులో నెయ్యి పోసినట్టే. అతను సంచిలోంచి కత్తీ జిగురూ తీసి, అక్కడే కూర్చుని పోస్టుమాను ఇంటికి తలుపు కోయడం మొదలుపెట్టాడు. ఇక చూసుకోండి, వరస కట్టేశారు. మాకు ఎడమవైపు వరండా, మాకు గోడమీద పిల్లి అని ఒకటే సందడి. ఆఫీసరుగారు కళ్ళద్దాలు సర్దుకుని జిగురు సీసా పట్టుకున్నారు. అలా వంగి చూస్తుంటేనే పొడుగాటి భవనం నీడ తమ మేడల మీదే పడుతుందని నలుగురికీ తట్టింది.

అత్తగారు కూడా అప్పుడే కొత్త ఇళ్ళని దగ్గరగా చూశారు. చిన్న ఫ్లాట్లలో ఒక కిటికీకి మాత్రం నీలం పరదా ఉంది. ఆవిడ దాన్ని గోటితో తడిమారు.

"ఇది నేను కుట్టిన దిండు గలీబుల గుడ్డ కదూ?"

అల్లుడు తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కత్తి తుడవసాగాడు. నమూనా చేస్తుండగా ఒకరోజు భార్య వరండాలోకి వచ్చి మనదేదని అడిగింది. చూపించాడు. ఆవిడ ఆ పీలిక అంటించి వెళ్ళింది. తీసేయాలని అతనికి తెలుసు. తీయబుద్ధి కాలేదు.

"నేనే అంటించానమ్మా," అంది కూతురు వెనకనుంచి. "ఆ ఇల్లు మాకు కావాలి."

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. అతనికి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. కన్నకొడుకులా చూసుకున్న మనిషికి ఈ సంగతి పదిమందిలో తెలియాల్సి వచ్చింది.

"నా ఇంట్లో మీకేం తక్కువైందే?" అన్నారావిడ మెల్లగా.

"ఏమీ తక్కువ కాలేదమ్మా. అన్నీ నువ్వే చేసేస్తావు. నేను చేయడానికంటూ ఏదీ మిగలదు."

ఆఫీసరుగారు మొహమాటపడుతూనే ప్రెసిడెంటుగారిని మాట్లాడమన్నారు. ఆవిడ లేచి మైకు దగ్గరికి నడిచారు. ఆవిడ వద్దంటే కాలనీ అంతా వద్దంటుంది, ఇక ఆ ఫ్లాటు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"వద్దని చెబుదామనే వచ్చాను," అన్నారావిడ. "ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. ఆ పొడుగు బిల్డింగు మా ఎండ తినేస్తుంది. దాన్ని అవతల రోడ్డు వైపుకి జరపండి. దాని చోట ఈ చిన్న ఇళ్ళు కట్టండి."

"ఎండ సంగతి రాసుకున్నాం. చిన్న ఇళ్ళు ఇటువైపే ఎందుకండీ?"

ఆవిడ కూతురి వైపు చూశారు.

"పిల్లలు వేరు కాపురం పెడుతున్నారు. వేరు పడితే పడనివ్వండి. దూరం మాత్రం పడనివ్వకండి."

ఆఫీసరుగారు కలం పట్టుకుని, ఆ చివరిమాట ఇంకోసారి చెప్పమన్నారు. ఆవిడ మైకుని కూతురి వైపు తిప్పారు. కూతురు ముందుకొచ్చి, అమ్మ భుజం మీద చెయ్యి వేసి, అమ్మ అన్న మాటనే అక్షరం పొల్లుపోకుండా మైకులో చెప్పింది.