బావ కట్టిన గోడ

మా బావ తాపీమేస్త్రీ. నేను ఆయనకి సిమెంటు మాలు కలిపి అందించేవాణ్ణి. ఇప్పుడు ఇద్దరికీ పని లేదు. ఆయనకి మోకాళ్ళు పోయాయి, నాకు ఊపిరి చాలదు. అక్కా బావా ఉండే ఇంట్లోనే వెనక వసారాలో నేనూ ఉంటాను. ఒక గది, ఒక వంటిల్లు, మీద రేకులు. గోడలు మాత్రం బావ తన చేత్తో కట్టుకున్నాడు.

ఇంటి పన్ను పెరిగింది. పాత బాకీతో కలిపి కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని తలుపుకి కాగితం అంటించి పోయారు. రాబడి తక్కువున్న వాళ్ళకి పన్ను తగ్గిస్తారట, అయితే అది మట్టి గోడల కచ్చా ఇల్లు అయి ఉండాలట. గోడ గట్టిదైతే లోపలివాళ్ళూ గట్టివాళ్ళేనని ఆ రూలు రాసినాయన అనుకొని ఉంటాడు. అక్క అర్జీ పెట్టించింది. చూడటానికి మనిషి వస్తాడన్నారు.

ఆ పొద్దున అక్క బావకి బోధ చేసింది.

“వచ్చినాయన ఏమన్నా నువ్వు నోరు విప్పకు. మట్టి గోడలని నేను చెబుతా.”

“మట్టా?”

“ఇవాళ్టికి మట్టే.”

“చూశావా బామ్మర్దీ, నా గోడని మట్టి చేసేసింది మీ అక్క.”

“నువ్వు నా బతుకే మట్టి చేశావు, గోడదేముంది?” అంది అక్క.

కొలతలాయన వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. టేపు ఒక కొస నాకిచ్చి పట్టుకోమన్నాడు. లోపల కొలిచాడు, బయట కొలిచాడు. పెచ్చులూడిన చోట వేళ్ళతో కొట్టి చూశాడు.

“మట్టితో కట్టిందేనా అమ్మా?”

“మట్టే బాబూ. వానొస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాం.”

ఆయన రాసుకున్నాడు. అక్కడితో అయిపోయేది. మంచివాడు కదా, మా మీద జాలిపడి ఇంకో మాట అన్నాడు.

“చూస్తేనే తెలుస్తోందిలెండి. ఎవడో చేతకానివాడు కట్టాడు. వరసలన్నీ వంకరే.”

బావ లేచాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, దేన్నీ పట్టుకోకుండా లేచాడు.

“ఏ వరస వంకర? చూపించు.”

“ఏమయ్యో, కూర్చో.”

“నువ్వుండవే. బాబూ, గుండు దారం తెస్తా, వేలాడదీసి చూసుకో. వెంట్రుకవాసి తేడా ఉంటే చెవి కోయించుకుంటా. సిమెంటు గోడ ఇది. దీని మీద మేడ కట్టినా కిమ్మనదు.”

“అంటే మట్టి కాదా?”

“మట్టేంటి, మట్టి!”

అక్క తల పట్టుకుంది. కొలతలాయన నా వంక చూశాడు. నేను టేపు కొస పట్టుకునే ఉన్నాను. మట్టేనని ఒక్క మాట అనొచ్చు. కానీ ఆ మాలు కలిపింది నేను. నోరు రాలేదు. ఆయన రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.

ఆ తర్వాత అక్క ఆఫీసు చుట్టూ తిరిగింది. “పక్కా ఇల్లని మీ ఇంటాయనే చెప్పాడట కదా” అంది కిటికీ వెనకావిడ.

“ఆయనకి మతి లేదమ్మా.”

“పక్కా అని రికార్డులో ఎక్కాక మేం దింపలేం. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోండి.”

వచ్చే ఏటికి ఇల్లుంటే కదా.

అక్క బావని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయనకి అన్నం పెట్టి, తను అవతలికి పోయి కూర్చునేది.

వేలం కంటే అమ్ముకోవడం నయమన్నారు. ఒకాయన చూడటానికి వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలోనే అటూ ఇటూ నడిచి జాగా చూసుకున్నాడు. బావ ఊరుకోలేకపోయాడు.

“గోడలు గట్టివండీ. అది చూసి ఇంకొంచెం వేసివ్వండి.”

“గోడలతో నాకేం పని పెద్దాయనా? అంతా చదును చేయిస్తా. ఆ ఖర్చు కూడా మీకిచ్చే దాంట్లోంచే పోతుంది.”

బావ గోడ వైపు తిరిగాడు. “మనుషుల్ని పెట్టి కూల్పిస్తారా?”

“మిషన్ వస్తుంది. ఒక్క పూట పని.”

“మిషనైతే సరే. మనుషుల వల్ల కాదు” అన్నాడు బావ.

అక్క గుమ్మంలోంచి అంతా విన్నది. “ఆయన ఎంతిస్తే అంతకి కానివ్వండి” అని లోపలికి పోయింది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. అద్దెకి చూసింది ఒకటే గది. అందులో నాకు చోటుందో లేదో నేను అడగలేదు. అక్క కూడా చెప్పలేదు.