చూడ్డానికి రాలేదు

కమలాకుమారి పరుపును బాల్కనీ రెయిలింగ్ మీదికి ఈడ్చి, రెండు వైపులా సమంగా వేలాడేలా సర్ది, వెదురుబద్దతో కొట్టడం మొదలుపెట్టింది. డిసెంబరు ఎండ పొగను తోసుకుని ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఈ మూడో అంతస్తు దాకా రావడమే ఆలస్యం. వచ్చాక నిలవదు కూడా. ఉన్న కాసేపట్లోనే పరుపు వెచ్చబడాలి. మేడమ్‌కు చల్లటి పరుపు పడదు. మోకాళ్లు బిగుసుకుపోతాయి.

యాభై దాటిన మనిషి కమల. పొట్టి. నడుము దగ్గర కాస్త వంగింది గానీ ముంజేతులు ఇంకా గట్టివే. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో కుక్కరు మూత పడి నల్లబడింది, మళ్లీ సరిగా పెరగలేదు. చీర మీద మగవాళ్ల స్వెట్టరు. అది అయ్యగారిది. ఆయన పోయాక మేడమ్ ఇచ్చింది.

లోపల పొయ్యి మీద పెసరపప్పు చారు మరుగుతోంది. మేడమ్ చారును అన్నంలో కలుపుకోదు. గిన్నెను రెండు చేతులతో ఎత్తి తాగుతుంది, తాగాక ఆవిరి పట్టిన కళ్లజోడు తియ్యకుండానే కళ్లు మూసుకుని కాసేపు అలాగే కూర్చుంటుంది. కమల మొదట్లో దానికి నవ్వుకునేది. ఇప్పుడు తనూ అలాగే తాగుతుంది.

మేడమ్ పేరు చియేకో. జపాన్ మనిషి. ఆమె భర్త గురుగావ్ పక్కన కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వచ్చాడు. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో అప్పుడు కమల వంటమనిషి. పలాస నుంచి భర్తతో పాటు మెట్రో పనులకు వచ్చింది. భర్త ఆ పని అయిపోగానే సూరత్ వెళుతున్నానని చెప్పి వెళ్లాడు, అంతే. ఆ రోజుల్లో కమలకూ మేడమ్‌కూ హిందీ రాదు. వంటింట్లో కూర్చుని ఇద్దరూ కూరగాయలు చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. అలా ఢిల్లీలో చియేకోకు ముందుగా వచ్చిన భాష కమల భాషే. కమల పేరులోని 'ల' ఒక్కటే ఆమెకు నోరు తిరగదు. కమలను 'కమరా' అంటుంది. హిందీలో ఆ మాటకు గది అని అర్థం. అపార్ట్‌మెంట్ల సొసైటీలో పిల్లలు నవ్వేవాళ్లు.

అయ్యగారు ఇక్కడే, ఆస్పత్రిలో, గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగంతో ఆయన వీసా, ఆయనతో ఈమె వీసా ముడిపడి ఉన్నాయి. రెండూ ఒకేసారి పోయాయి. సగం బూడిద యమునలో కలిపి, సగం జపాన్ తీసుకెళ్లింది చియేకో. ఆ చలికాలం అయ్యేలోపే ఒక్క పెట్టెతో తిరిగివచ్చి, త్రిలోక్‌పురి గల్లీల్లో అడుగుతూ అడుగుతూ కమల గది తలుపు కొట్టింది. "అక్కడ నాకు ఎవరూ నేరు. ఇక్కడ ఇద్దరున్నారు," అంది. ఒకరు యమునలో ఉన్నారని, రెండోది తనేనని అర్థం కావడానికి కమలకు కొంతసేపు పట్టింది.

ఇద్దరూ ఈ మూడో అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అప్పటి నుంచీ టూరిస్టు వీసానే. కొన్ని నెలలు ఉండడం, గడువు దగ్గరపడగానే కాఠ్మాండు వెళ్లడం, కొన్నాళ్లాగి రావడం. విమానాశ్రయంలో ముద్ర పడేది, మళ్లీ కొత్తగా లెక్క మొదలయ్యేది. నోయిడాలో వీసా పనులు చూసిపెట్టే ఆఫీసులో భవ్యశ్రీ అనే వరంగల్ అమ్మాయి ఉంది. ఈ వేసవిలో ఆ అమ్మాయే చెప్పింది, ఇప్పుడు అలా కుదరదని. ఎన్నిసార్లు వెళ్లివచ్చినా సరే, జనవరి నుంచి డిసెంబరు దాకా మొత్తం కలిపి ఏడాదిలో సగానికి మించి ఉండకూడదట.

"మరి వేరే వీసా ఏదైనా ఇప్పించు తల్లీ," అని అడిగింది కమల.

"ఉద్యోగం వీసాకు ఉద్యోగం ఉండాలె ఆంటీ. స్టూడెంట్ అయితే కాలేజీ ఉండాలె. లేకుంటే ఇండియాల భర్త ఉండాలె."

"భర్త ఇక్కడే ఉన్నాడు కదమ్మా. యమునలో."

భవ్యశ్రీ కీబోర్డు మీది చేతులు తీసేసింది. "గట్లాంటి దానికి కేటగిరీ లేదు ఆంటీ," అంది.

అందుకే అక్టోబరులో వెళ్లిన మేడమ్ జనవరి దాకా కాఠ్మాండులోనే ఉండాలి. మాట అదే. కానీ పోయిన వారం ఫోను వచ్చింది. అక్కడ చలి ముదిరిందట. గది యజమాని వేడినీళ్లు పొద్దున ఒక్కసారే ఇస్తాడట. మోకాలు వంగడం లేదు, మెట్లు దిగి బయటికి వెళ్లి వారమైంది అంది. చివరికి, "కమరా, వచ్చీదునా?" అని అడిగింది.

ఆగండి అని చెప్పాలని కమలకు తెలుసు. భవ్యశ్రీ రెండుసార్లు చెప్పింది. కానీ అప్పటికి రెండు నెలలుగా ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకో మనిషి గొంతు లేదు. సాయంత్రం దీపం వేశాక ఏ గదిలో కూర్చోవాలో తోచేది కాదు. ఒక్కతే వండుకుని, వంటింట్లోనే నిలబడి తినేసేది.

"వచ్చీండమ్మా," అంది. "ఏటౌతాది? ఇన్నిసార్లు రానేదేటి? అడిగితే ఆగ్రా సూడ్డానికొచ్చినానని సెప్పండి."

ఫోను పెట్టేశాక ఆమె ఆలోచించింది మేడమ్ మోకాళ్ల గురించి కాదు. తన గురించే. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలుసు.

చారు దించి, అన్నం గిన్నెకు తువ్వాలు చుట్టి, తాళం వేసుకుని కిందికి దిగింది. గేటు దగ్గర గార్డు, మేడమ్ వస్తోందా అని పలకరించాడు. "ఆంటీ, మేడమ్ ఆ రహీ హై క్యా?"

"హాఁ భయ్యా. ఆజ్," అంది కమల, ఇవాళేనని. ఆమె నోట హిందీ ఇప్పటికీ ముక్కలుగానే వస్తుంది. ఆ రోజు మాత్రం ఆ రెండు ముక్కలూ గట్టిగా, గేటు అవతలి కూరగాయల బండివాడికి కూడా వినపడేలా పలికింది.

మెట్రోలో కూర్చోడానికి చోటు దొరికింది. న్యూఢిల్లీలో దిగి, ఎస్కలేటరు భయంతో మెట్లమీదుగా ఎయిర్‌పోర్ట్ లైను దాకా నడిచింది. ఈ దారి ఆమెకు కొత్త కాదు. ప్రతిసారీ ఒక్కతే వెళుతుంది, ఇద్దరుగా వస్తారు. వచ్చేటప్పుడు టాక్సీ. టాక్సీలో మేడమ్ కిటికీ అద్దం దించి, ఢిల్లీ గాలి పీల్చుకుని దగ్గుతుంది. "కంపు," అంటుంది సంతోషంగా.

విమానం దిగినవాళ్లు బయటికి వచ్చే ద్వారం ముందు ఇనుప కంచె ఉంది. కంచెకు ఇవతల డ్రైవర్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. కమల ఒక స్తంభానికి ఆనుకుని నిలుచుంది. మధ్యాహ్నం దాటింది. కాఠ్మాండు విమానం దిగిందని బోర్డు చూసి ఒక డ్రైవరు చెప్పాడు. కాసేపటికి ఉన్నిటోపీలవాళ్లు రావడం మొదలైంది. నేపాలీ కుర్రవాళ్లు, వీపుమీద పెద్ద సంచులున్న తెల్లవాళ్లు, పసిబిడ్డను శాలువాలో చుట్టుకున్న ఒక ఆడమనిషి. చక్రాల కుర్చీ కనపడినప్పుడల్లా కమల మునివేళ్ల మీద లేచింది. మొదటి కుర్చీలో ఒక సర్దార్‌జీ. రెండో దాంట్లో కాలికి కట్టున్న యువకుడు.

ఉన్నిటోపీలు అయిపోయాయి. తరువాత బుర్ఖాలు, ఖర్జూరం పెట్టెలు వచ్చాయి. అంటే అది ఇంకో విమానం.

మేడమ్ ఫోను కలవడం లేదు. కమల ద్వారం దగ్గర తుపాకీతో నిలబడ్డ జవాను దగ్గరికి వెళ్లింది. "భయ్యా, మేరా మేడమ్. జపాన్‌వాలీ. బుడ్ఢీ."

"ఇమిగ్రేషన్‌లో టైమ్ పడుతుంది దీదీ. పక్కకు నిలబడండి," అన్నాడతను హిందీలో. మర్యాదగానే అన్నాడు.

చాలాసేపటికి ఫోను మోగింది. తెలియని నంబరు.

"కమరా."

"అమ్మా! నాను బయటే ఉన్నాను, స్తంభం కాడ. కుర్చీ దొరకనేదేటి?"

"కుర్చీ దొరికినాది. కుర్చీలోనే కూకున్నాను." ఆ గొంతు ఎప్పటిలాగే చిన్నగా, నెమ్మదిగా ఉంది. "కమరా, నాను బయటికి రానేను. ఎనక్కి పంపీస్తన్నారు."

కమల ఫోను చెవికి అదుముకుంది. "ఎనక్కంటే?"

"కాఠ్మాండు. సాయంత్రం ఇమానంలో. ఈ ఏడు నా రోజులైపోనాయట. కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి, ఎప్పుడొచ్చినాను, ఎప్పుడెళ్లినాను. అక్కడ ఇమానం ఎక్కించినోళ్లు వీసా ఉందా నేదా అనే సూసినారు. రోజులు సూన్నేదు." అవతల కప్పు పెట్టిన చప్పుడైంది. "ఆఫీసరు మంచోడే. టీ ఇచ్చినాడు. ఇన్నాళ్లు ఉన్నారు కదా, ఇండియాలో ఇంకా ఏటి సూడ్డానికొచ్చినారని అడిగినాడు."

"ఆగ్రా అని సెప్పినారా?"

"ఆగ్రా ఎన్నోసార్లు సూసినాను కదా. సూడ్డానికి రానేదు, ఇంటికొచ్చినాను అన్నాను."

కమల కళ్లు మూసుకుంది. "అలాగనకూడదమ్మా. టూరిస్టుకి ఇల్లుండకూడదు."

"అతను కూడా అదే అన్నాడు."

అవతల ఎవరో ఇంగ్లీషులో ఏదో అడుగుతున్నారు. "నానే రమ్మన్నాను," అంది కమల. "భవ్యశ్రీ వద్దంది. నానే, నా కోసరమే రమ్మన్నాను."

"నానూ నా కోసరమే వచ్చినాను," అంది చియేకో. "ఫోను ఈయనది కమరా, కుర్చీ తోసే ఆయనది. ఇచ్చీయాలి. నువ్వు తిన్నావేటి?"

"తిన్నాను," అంది కమల. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు.

ఫోను ఆగిపోయాక ఆమె మళ్లీ జవాను దగ్గరికి వెళ్లింది. జాకెట్టులోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. ఒక్కసారి లోపలికి పోనివ్వమంది. చూసి వచ్చేస్తానంది. తలుపు దగ్గరే నిలబడతానంది. హిందీ చాలక చివరి మాటలు తెలుగులోనే వచ్చాయి. అతను కార్డును రెండు వైపులా తిప్పి చూసి జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు. "దీంతో లోపలికి రాలేరు దీదీ. అది దేశం బయట లెక్క."

అద్దాల తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. తెరుచుకున్నప్పుడల్లా లోపలి మెరిసే నేల పాతిక అడుగుల దూరంలో కనపడుతోంది.

భవ్యశ్రీకి ఫోను చేసింది. ఆ అమ్మాయి అంతా విని, "అయ్యో ఆంటీ," అంది. "నేను చెప్పిన కదా ఆంటీ" అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

"జనవరిలో రావొచ్చు కదమ్మా? రోజులు మళ్లీ కొత్తగా వస్తాయన్నావు."

"ఊకె కాఠ్మాండులనే ఆగుంటే వచ్చేదే. ఇప్పుడు వాపస్ పంపినట్టు రికార్డు అయితది. పైగా ఇల్లు ఇక్కడుందని ఆమెనే చెప్పింది. టూరిస్టు వీసా మళ్ల ఇస్తరని నాకైతే నమ్మకం లేదు." మళ్లీ తనే, "రాత్రికి జపాన్ ఎంబసీ వాళ్లకు మెయిల్ పెడత ఆంటీ," అంది. పెట్టినా ఏమీ కాదని ఆ గొంతులోనే తెలిసిపోతోంది.

కమల ఇంటికి బయలుదేరలేదు. విమానం ఇంకా నేల మీదే ఉంది. మనిషి ఆ గోడ అవతలే ఉంది. ఆమె అక్కడ ఉన్నంతసేపూ తను ఇక్కడ ఉండాలి, అంతే. స్తంభం మొదట్లో చతికిలబడింది. తుడుస్తున్న ఆడమనిషి ఒకసారి పక్కకు జరగమంది, జరిగింది. పొగమంచు దిగి దీపాల చుట్టూ పసుపుపచ్చని గుండ్రాలు కట్టింది.

పొద్దుగూకుతుండగా ఇందాకటి నంబరు నుంచే ఫోను వచ్చింది. కుర్చీ తోసే ఆయన, ఎక్కడున్నారని అడిగాడు. కాసేపటికి నీలం జాకెట్టు వేసుకున్న నడివయసు మనిషి కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చెవుల చుట్టూ మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. కమల లేచి వెళ్లింది.

"గయీ," అన్నాడు. వెళ్లిపోయింది.

కమల తల ఊపింది.

అతను హిందీలో చెప్పుకుపోయాడు. ఆమె సగమే అర్థం చేసుకుంది. విమానం తలుపు దాకా తనే తోసుకెళ్లాడట. మేడమ్ కుర్చీలోంచి లేచాక తనకు వంగి నమస్కారం పెట్టిందట. ఇరవై ఏళ్లుగా కుర్చీలు తోస్తున్నాను, నాకు అలా ఎవరూ పెట్టలేదన్నాడు. తరువాత జాకెట్టు జేబులోంచి టిష్యూ కాగితంలో చుట్టిందేదో తీసి కంచె మీదుగా అందించాడు. పంపించే ముందు హడావిడిగా కౌంటరు దగ్గర ఫొటో తీసేటప్పుడు కళ్లజోడు తియ్యమన్నారు. తీసి పక్కన పెట్టింది. ఆ గొడవలో ఎవరికీ గుర్తు లేదు. తను చూసి పరుగెత్తుకెళ్లేసరికి విమానం తలుపు వేసేశారు.

"ఇది లేకపోతే ఆమెకు కనపడుతుందా?" అని అడిగాడు.

"నహీఁ," అంది కమల.

అతను మఫ్లరు సర్దుకుని లోపలికి వెళ్లిపోయాడు.

తిరుగు మెట్రోలో ఆఫీసుల జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరో అమ్మాయి లేచి ఆమెకు చోటిచ్చింది. కమల కూర్చుని కాగితం విప్పింది. సన్నటి గోధుమరంగు ఫ్రేము, అరిగి తెల్లబడ్డ ముక్కు దగ్గరి దిమ్మెలు. అద్దాలు మసకగా ఉన్నాయి. కొంగు చివర అద్దం దాకా తీసుకెళ్లి, తుడవకుండా ఆపేసింది. ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ దాని చుట్టూ అడ్డం పెట్టుకుంది. మడిచిన కాడ కీలు దగ్గర చిక్కుకున్న తెల్లటి వెంట్రుక ఒకటి, రైలు ఊగినప్పుడల్లా సన్నగా కదులుతోంది.