జవాబు వచ్చేవరకు

తడిసిన దుప్పటికి ఒక కొస నేనూ, రెండో కొస ఆయనా పట్టుకుని పిండుతున్నాం. ఇంటిపనిలో నా భర్త చేయి కలిపే ఘట్టం అదొక్కటే. దుప్పటి ఒంటిచేతికి లొంగదు గనుక. ఆయన ముఖం కాసేపైనా కదలకుండా నాకెదురుగా నిలిచేదీ అప్పుడే. అందుకే ఎన్నాళ్లుగానో మనసులో కూర్చుకుంటున్న మాటను ఆ వేళకే దాచుకున్నాను.

"సాయంత్రం క్లాసు గురించి మీతో ఒక మాట చెబుదామని..."

"తెలుసులే," అన్నారాయన దుప్పటిని మెలిపెడుతూ. "అలిసిపోతున్నావు. మానేస్తానంటావు, అంతేగా? మానెయ్. నేనేమన్నా వద్దన్నానా?"

వసారాలో కూర్చున్న అత్తగారు అందుకున్నారు. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది అమ్మాయికి. ముసలాళ్లకు ఇంగ్లీషు నేర్పి ఏ దేశానికి రాజుల్ని చేస్తుందట?"

నేను చెప్పదలచినది దానికి సరిగ్గా ఎదురు. వారంలో కొన్నాళ్లే ఉన్న ఆ క్లాసును రోజూ పెట్టమని నా విద్యార్థులు అడుగుతున్నారు. నాకూ అదే కోరిక. కానీ నా వాక్యం అప్పటికే ఆయన నోట పూర్తయింది. పూర్తయిన వాక్యాన్ని విప్పి మళ్లీ మొదలుపెట్టడం, పిండిన దుప్పటిని తిరిగి నీళ్లలో ముంచడం వంటిది. కొస వదిలేసి, తీగ మీద ఆరవేయడానికి ఒక్కదాన్నే వెళ్లాను.

పెళ్లయిన కొత్తలో దీన్నే అనురాగమనుకున్నాను. పలుకు పెదవి దాటకముందే భావం గ్రహించే భర్త ఎందరికి దొరుకుతాడు? వాక్కూ అర్థమూ విడదీయరానివని పెద్దలంటే, మా ఇంట వాక్కు నేనూ అర్థం ఆయనా కాబోలునని మురిసిపోయాను. "మీ ఆయన నీ మనసు చదివేస్తాడే!" అని మా అక్క అసూయపడేది. నొప్పి ఎక్కడమ్మా అని వైద్యుడు నన్నడిగితే "నడుములోనండీ" అని ఆయన చెప్పేవారు. చీరల దుకాణంలో "దానికి లేతరంగులే ఇష్టం" అనేవారు. వినగా వినగా, నాకు నిజంగా ఏ రంగు ఇష్టమో వెదికి చూసుకునే అవసరమే తప్పిపోయింది. వాడని గదికి దారి మరచినట్టు, నాలో ఒక గదికి నేను దారి మరచిపోయాను.

ఆ దారిని నాకు చూపినది నా వృత్తి. మేడమీది భాషాపాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. మధ్యాహ్నం పసిపిల్లలకు, ఆ తరువాత మీసకట్టు మొలుస్తున్న వారికీ జడలు విప్పుకుంటున్న వారికీ, దీపాలు పెట్టే వేళకు పెద్దవారికి. మూడు వయసులకూ పాఠం వేరు. పద్ధతి మాత్రం ఒకటే: ప్రశ్న వేసిన తరువాత ఉపాధ్యాయుడు నోరు మూసుకోవాలి. ఎదుటివారి లోపల మాట పురుడు పోసుకునేదాకా వేచి ఉండాలి. మౌనంతోనే శిష్యుల సందేహాలు తీర్చిన ఆదిగురువు ఉన్నాడంటారు. అంతటిదాన్ని కాకపోయినా, తరగతిలో అడుగుపెట్టే ముందు ఆయనకే నమస్కరించుకుంటాను.

పసివాళ్ల దగ్గర వేచి ఉండటం మబ్బుల్ని చూస్తూ కూర్చోవడం వంటిది. నెలల తరబడి పలకరు. కొత్త మాటలు వాళ్ల మీద మంచులా వాలి, ఎక్కడో లోపలికి ఇంకిపోతాయి. ఒకనాడు నిద్ర కళ్లతో నా కొంగు పట్టుకుని "రెయిన్" అంటుందొక చిట్టిపిట్ట. కిటికీ బయట నిజంగానే వాన. కుర్రకారు దగ్గర అదే మౌనం నిప్పుల మీది నడక. వాళ్లకు ఇంగ్లీషు రాకపోవడం కాదు, తప్పు పలికితే పక్కవాళ్లు నవ్వుతారేమోనన్న భయం బరువు. "టీచర్, మీరు నిద్రపోయారా?" అని వెక్కిరిస్తారు. నేను కదలను. కాసేపటికి ఆ వెక్కిరింత లోంచే ఒక గొంతు బిడియంగా బయటికొస్తుంది. ఇక పెద్దవారు! బతుకంతా ఒక భాషలో వాడిగా బేరమాడినవాళ్లు, ఇంకో భాషలో ఒక్కసారిగా పసివాళ్లయిపోతారు. వారి మౌనం లోతైన బావి. చేద వేసిన తరువాత నీటి చప్పుడు వినబడటానికి చాలా సేపు పడుతుంది.

మర్నాడు పాఠశాలకు వెళ్లగానే ప్రిన్సిపాల్‌గారు పిలిపించారు.

"మీవారు పొద్దున్నే ఫోన్ చేశారమ్మా. సాయంత్రం క్లాసు ఇక మీకు వీలు కాదట గదా? మీరు మొహమాటపడుతున్నారని ఆయనే చెప్పారు. పాపం, ఎంత మంచివారో!"

"మరి ఆ క్లాసు?"

"ఇంకెవరున్నారు తీసుకోవడానికి? ఎత్తేద్దాం. ఇవాళ వాళ్లకు ఒక మాట చెప్పేసి, వెళ్తూ వెళ్తూ నాకు గది తాళంచెవి ఇచ్చేయండి."

కాదనడానికి నోరు తెరిచాను. ఎన్నో ఏళ్లుగా నా వాక్యాలకు చివరలు అలవాటు లేవు. మొదలు మాత్రమే వచ్చి ఆగిపోయింది. తలూపి వచ్చేశాను.

ఆ సాయంత్రం గదిలో వెలుగు పలచని తేనెలా ఉంది. రిటైరైన బస్సు డ్రైవరు, ఇస్త్రీ దుకాణం ఆవిడ, ఆసుపత్రి ఆయా, మరికొందరు బల్లల ముందు ఒదిగి కూర్చున్నారు. వీడ్కోలు మాట గొంతు దాటక, పాఠమే మొదలుపెట్టాను. "వాట్ డూ యూ వాంట్?" అని ఒక్కొక్కరినీ అడిగాను.

"టీ!" అన్నాడు డ్రైవరు తక్షణమే. "అల్లం వేసింది!"

"నీకు బ్రేకుల్లేవయ్యా," అంది ఇస్త్రీ ఆవిడ. గదంతా నవ్వింది.

ఆయా వంతు వచ్చింది. ఆమె నేల చూపులు చూసింది. నేను వేచి ఉన్నాను. బయట వీధిలో ఎవరో గేటు వేశారు. ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది. ఆమె పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"ఐ వాంట్... డాక్టర్... లుక్ మీ. దెన్ టాక్."

ఆపైన తెలుగులోకి జారిపోయింది. "నా తల మీంచే మాట్లాడేసుకుంటారమ్మా వాళ్లు. నేనేదో మంచం కోడునైనట్టు."

ఎవరూ నవ్వలేదు. ఆమె తలెత్తి, పాఠంలో అది కూడా ఒక భాగమే అన్నంత సహజంగా నన్నడిగింది. "మరి మీకో టీచరమ్మా? వాట్ డూ యూ వాంట్?"

అందరూ నా వైపు తిరిగారు. ఒక్కరూ మాట కలపలేదు. నేను వారికి నేర్పిన మౌనాన్నే నా ముందు పరిచి, దానిమీద నన్ను కూర్చోబెట్టారు. మొదట భయం వేసింది. ఆ తరువాత ఏదో నిద్ర కమ్మినట్టయింది. గోడలు వెనక్కి జరిగాయి. నాలోని ఆ మరచిన గది తలుపు దానంతటదే తెరుచుకున్నట్టూ, లోపల ఎవరో చాలాకాలంగా దీపం ఆర్పకుండా కూర్చున్నట్టూ తోచింది. ఆమె నా వయసుదే. నా ముఖమే. లేతరంగు కాదు, దట్టమైన ఎర్రచీర కట్టుకుని ఉంది. ఎంత ఆలస్యం చేశావే అన్నట్టు చూసింది.

"నాకు ఈ క్లాసు కావాలి," అన్నాను తెలుగులోనే. "రోజూ కావాలి."

"భలేవారే!" అన్నాడు డ్రైవరు. "మేమెక్కడికి పోతామమ్మా, దిగమన్నా దిగం!"

తాళంచెవి ఇవ్వకుండానే ప్రిన్సిపాల్‌గారి ఎదుట నిలబడ్డాను. "మావారు చెప్పింది ఆయన మాటండీ. నా మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను మానడం లేదు. రేపటినుంచి రోజూ పెడదాం."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "మరి మీవారితో..."

"ఆయనతో నేను మాట్లాడతాను."

ఇంటికి చేరేసరికి భోజనాల బల్ల ముందు తల్లీకొడుకులు కూర్చుని ఉన్నారు. కంచాలు బోర్లించే ఉన్నాయి. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లకుండా వారికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ అలా కూర్చున్న గుర్తు నాకు లేదు. చెప్పవలసినది చివరిదాకా చెప్పాను. ఆయన రెండుసార్లు మధ్యలో అందుకోబోయారు; "నా మాట ఇంకా పూర్తికాలేదండీ" అని రెండుసార్లూ ఆగి, మళ్లీ సాగాను.

"అంటే నా ఫోనుకు విలువ లేనట్టేగా?" అన్నారు ముఖం ఎర్రబడి.

"నా బదులు చేసిన ఫోనుకు లేదండీ."

"మరి రోజూ సాయంత్రం ఇంట్లో వంటో?" అన్నారు అత్తగారు.

నేను ఆయన వైపే చూశాను. "మీరు చెప్పండి. ఏం చేద్దాం?"

ఆయన గోడ వంక చూశారు, బోర్లించిన కంచం వంక చూశారు. "అంటే... సాయంత్రాలు... నేను..." అక్కడ ఆగిపోయారు. ఆ వాక్యానికి చివర నా నాలుక మీద ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా ఉంది: పోనీలెండి, నేనే ముందు వండిపెట్టి వెళ్తాను. దాన్ని మింగేశాను. గదిలో మౌనం పేరుకుంటోంది. దానికి నేను కొత్త కాదు. నాకు తొందరా లేదు.

అత్తగారు తట్టుకోలేకపోయారు. "అది కాదురా, అమ్మాయే పొద్దున్నే..."

నేను చేయి అడ్డుపెట్టాను, మెల్లగా, తరగతిలో పెట్టినట్టే.

"మాట అందించకండి అత్తయ్యా. ఆయన్నే చెప్పనివ్వండి."